గోకుడు ఆగింది, జబ్బు ఆగలేదు

పిల్లి చెవిలో కాపురముండే మైట్ అనే బుల్లి పురుగుకు గుడ్డు దశ నుంచి మళ్లీ గుడ్లు పెట్టే వయసు రావడానికి సుమారు 3 వారాలు పడుతుంది. కుక్కలకు గజ్జి తెచ్చే మైట్‌కు 17 నుంచి 21 రోజులు. వెంట్రుకల కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ అనే మైట్‌కు 20 నుంచి 35 రోజులు. బొచ్చులో పరుగులు తీస్తూ దూకే ఫ్లీకి మన వేడిలో, మన తేమలో 3–4 వారాలు. వీటి పక్కన మన ఇళ్లలో జరిగేది పెట్టి చూడండి. మందు మొదలుపెట్టిన మూడో రోజుకో నాలుగో రోజుకో గోకుడు తగ్గుతుంది. వారం తిరక్కుండానే సీసా అల్మారాలోకి వెళ్లిపోతుంది. నెల తర్వాత కుక్క మళ్లీ గోక్కోవడం మొదలుపెడుతుంది. ‘ఆ మందు పనిచేయలేదు’ అని డాక్టర్‌ను మారుస్తాం.

చాలాసార్లు ఆ మందు పనిచేసింది. పని పూర్తిచేయడానికి దానికి వ్యవధే ఇవ్వలేదు. చాలా మందులు పెద్ద పురుగులను చంపుతాయి కానీ గుడ్లను ఏమీ చేయలేవు. ఆ గుడ్లు పొదిగి, పిల్లలు పెద్దవై, మళ్లీ గుడ్లు పెట్టేలోపు మందు ఇంకా అక్కడ ఉండాలి. చర్మవ్యాధుల కోర్సులు వారాల తరబడి సాగేది ఇందుకే.

బొచ్చు కింద ఉన్నది పల్చటి చర్మం

దట్టంగా బొచ్చుంది కదా, కింద చర్మం కూడా గట్టిదే అయి ఉంటుందనుకుంటాం. నిజం దీనికి తలకిందులు. మనిషి చర్మం పై పొరలో 10–15 వరుసల కణాలుంటే, బొచ్చున్న చోట కుక్క చర్మంలో ఉండేవి 3 నుంచి 5 వరుసలే. రక్షణ పనిలో చాలా భాగాన్ని వెంట్రుకలు మోస్తాయి కాబట్టి చర్మం పల్చగానే ఉండిపోయింది. ఆమ్లత లెక్క కూడా వేరు. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది, అంటే కొంచెం ఆమ్లగుణం. కుక్కది సగటున 7.5కు దగ్గర. మన ఆమ్లపు చర్మం మీద నిలవలేని సూక్ష్మజీవులకు కుక్క చర్మం మీద చోటు సులువుగా దొరుకుతుంది. మన కోసం తయారైన షాంపూ, బట్టల సబ్బు, డెటాల్ కలిపిన నీళ్లు ఆ పల్చటి పొరలోని నూనెను కడిగేసి, ఉన్న కాస్త రక్షణనూ తీసేస్తాయి. వారంవారం సబ్బుతో రుద్ది స్నానం చేయించే ఇళ్లలోని కుక్కలకు చుండ్రు, పెచ్చులు ఎక్కువగా కనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

డాక్టర్ రాసిన మందు షాంపూల విషయంలోనూ ఒక అంకె గుర్తుంచుకోవాలి: 10 నిమిషాలు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ నురగ చర్మం మీద కనీసం 10 నిమిషాలు ఉంటేనే సూక్ష్మజీవుల మీద సరిగా పనిచేస్తుంది. మనం పూసిన రెండో నిమిషానికే నీళ్లు గుమ్మరిస్తాం, లేదా కుక్కే విదిలించుకుని పరుగెడుతుంది. గడియారం చూసుకుంటూ, ఆ పది నిమిషాలూ మాట్లాడుతూ, నిమురుతూ పట్టుకోవాలి. చీము పొక్కులు ఎక్కువగా లేని కుక్కల్లో ఇంత శ్రద్ధగా చేసిన స్నానాలే యాంటీబయాటిక్ మాత్రలు అవసరం లేకుండా చేస్తాయి. ఇది చిన్న విషయం కాదు. కుక్కల చర్మం మీద చీము పట్టించే స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియాలో మందులకు లొంగని రకాలు పెరిగిపోతున్నాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చి మూడు రోజులు వేసి ఆపేసే మాత్రలు ఆ పెరుగుదలకు తోడ్పడుతున్నాయి.

కనిపించేది నూటికి 5

ఫ్లీల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇది. ఒక ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీ సంతతిలో జంతువు ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు నూటికి 5 మాత్రమే. మిగతా 95లో దాదాపు 50 గుడ్లు, 35 లార్వాలు, 10 ప్యూపాలు. అవి ఉండేది కుక్క మీద కాదు, చాపలో, సోఫా సందులో, మంచం కింద, గుమ్మం దగ్గరి పట్టాలో. ఫ్లీలను మనవాళ్లు చాలామంది పేలనే అంటారు కానీ, తలలో పేలలా గుడ్లను వెంట్రుకకు అంటించే అలవాటు వీటికి లేదు. ఫ్లీ గుడ్డు నున్నగా ఉండి జారి కింద పడిపోతుంది. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ గుడ్లు రాలతాయి.

ఆడ ఫ్లీ తొలిసారి రక్తం తాగిన రెండు రోజుల్లోపే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఊపందుకున్నాక రోజుకు 40–50 పెట్టగలదు. లెక్క వేద్దాం: కుక్క మీద 10 ఆడ ఫ్లీలు ఉన్నాయనుకుంటే, రోజుకు 40 చొప్పున నెలకు 12,000 గుడ్లు. కుక్కకు ఒకసారి మందు చుక్కలు వేసి ఆ పదింటినీ చంపడం అవసరమే. కానీ నేల మీద ఉన్న వేల గుడ్ల మాటేమిటి? వాటిలో ప్యూపా దశ మరీ మొండిది. జిగురు గూటిలో ఉంటుంది, పురుగుమందు దాదాపు చేరదు, నెలల తరబడి అలా ఉండిపోగలదు. అడుగుల కదలిక, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే గూడు చీల్చుకుని వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత తలుపు తీయగానే కాళ్లకు ఒక్కసారిగా కుట్టడానికి కారణం ఇదే.

కాబట్టి ఫ్లీల మీద యుద్ధం కనీసం 3 నెలలు. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ, ప్రతి పిల్లికీ ఒకేసారి మొదలుపెట్టి, తేదీ తప్పకుండా మందు వేయాలి. పరుపులు, పట్టాలు వేడినీళ్లలో ఉతకాలి. ఊడ్చిన చెత్తను ఇంట్లో డబ్బాలో ఉంచకుండా వెంటనే బయట పారేయాలి.

ఫ్లీలు కనబడకపోయినా ఉన్నాయేమో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. బొచ్చును సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ ఎరుపు–గోధుమ రంగు పాకితే అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. ఫ్లీ లాలాజలానికి అలర్జీ ఉన్న కుక్కకు ఒంటినిండా ఫ్లీలు అక్కర్లేదు, ఒకటి రెండు కాట్లు చాలు. నడుము మీద, తోక మొదట్లో బొచ్చు ఊడి చర్మం ఎర్రబడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పిల్లుల్లో ఇంకా కష్టం. అవి నాక్కుంటూ ఆధారాన్నే మింగేస్తాయి. నాక్కోవడానికి వీల్లేకుండా మెడకు కాలర్ కట్టిన పిల్లుల మీద మూడు వారాల్లో మిగతా పిల్లులకంటే దాదాపు రెట్టింపు ఫ్లీలు పరిశోధకులకు కనిపించాయి.

పిడుదుల గురించి కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే వాటి అసలు ప్రమాదం చర్మం కంటే రక్తంలో ఉంది. కుక్కలకు పట్టే గోధుమ రంగు పిడుదు ఒక్క ఆడది 4,000 దాకా గుడ్లు పెట్టగలదు. జీవితంలో మూడుసార్లు కుక్కనెక్కి, మూడుసార్లు దిగుతుంది. దిగినప్పుడల్లా గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక దాక్కుంటుంది. ఎర్లీషియా, బబేసియా జ్వరాలు మన దగ్గర కుక్కలను తీసుకుపోయేది ఈ పిడుదు వల్లే. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిలువుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మానేయండి.

రెండు గజ్జిలు, రెండు దారులు

ఊళ్లో కుక్కకు బొచ్చు ఊడితే ‘గజ్జి కుక్క’ అని తరిమేస్తాం. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి అంటుకునేది, ఇంకొకటి అంటుకోనిది. ఈ తేడా తెలిస్తే చాలా కుక్కలు వీధిన పడవు.

మొదటిది సార్కోప్టిస్ మైట్ తెచ్చే గజ్జి. ఆడ మైట్ చర్మంలో సొరంగం తవ్వుతూ అందులో 40–50 గుడ్లు పెడుతుంది. దురద మామూలుగా ఉండదు, రాత్రంతా కుక్క నిద్రపోదు. చెవి అంచులు, మోచేతులు, పొట్ట ముందుగా పాడవుతాయి. నిర్ధారణలో ఒక చిక్కు ఉంది. చర్మాన్ని గీరి మైక్రోస్కోప్ కింద చూస్తే మైట్ దొరికేది నూటికి 20 నుంచి 50 కేసుల్లోనే. అంటే ‘పరీక్షలో ఏమీ లేదు’ అన్న మాటను గజ్జి లేదనడంగా తీసుకోకూడదు. దీనికి అనుభవమున్న డాక్టర్లు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. చెవి అంచును మడిచి వేళ్లతో రుద్దితే, గజ్జి ఉన్న కుక్కల్లో 75–90 శాతం వెంటనే వెనక కాలితో గాలిలో గోకుతాయి. ఈ జబ్బు మనుషులకూ తగులుతుంది, చేతుల మీద, నడుము దగ్గర దద్దుర్లు వస్తాయి. కానీ కుక్క మైట్ మన చర్మం మీద తన జీవితచక్రం పూర్తి చేయలేదు. కుక్కకు వైద్యం జరిగితే మన దద్దుర్లు వాటంతటవే తగ్గుతాయి. కుక్కను వదిలేయాల్సిన అవసరమే లేదు.

రెండోది డెమోడెక్స్. ఇది దాదాపు ప్రతి ఆరోగ్యవంతమైన కుక్క చర్మంలోనూ కొద్దిగా ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పాలు తాగుతుండగా తల్లి నుంచి పిల్లకు వస్తుంది. రోగనిరోధక శక్తి తడబడిన కుక్కల్లోనే విపరీతంగా పెరుగుతుంది. మనుషులకు రాదు, పక్కింటి కుక్కకూ అంటుకోదు. ఏడాదిలోపు కుక్కపిల్లల్లో కళ్ల చుట్టూ, మూతి మీద ఒకటి రెండు చోట్ల బొచ్చు ఊడితే నూటికి 90 కేసుల్లో అదే తగ్గిపోతుంది. ఇక్కడే మన తొందర చేటు చేస్తుంది. ఇంట్లో ఎవరికో రాసిన ట్యూబ్ తెచ్చి పూస్తాం. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది నిరోధక శక్తిని అణిచేస్తుంది, తనంత తాను తగ్గాల్సిన మచ్చ ఒళ్లంతా పాకుతుంది. అలా పాకినప్పుడు వైద్యం నెలల తరబడి సాగుతుంది. ఆపేది బొచ్చు వచ్చినప్పుడు కాదు. నెల తేడాతో చేసిన రెండు పరీక్షల్లోనూ మైట్లు కనిపించనప్పుడు.

ఈ రెండు గజ్జిలకూ ఇప్పుడు ఐసోక్సాజోలిన్ జాతి మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. అఫోక్సోలనర్, ఫ్లూరలనర్ వంటివి 2013–14లో వచ్చాక డెమోడెక్స్ వైద్యం చాలా తేలికైంది. మూర్ఛ ఉన్న కుక్కల విషయంలో జాగ్రత్తపడాలని అమెరికా ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబరులో హెచ్చరించింది. అందుకే మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

పాత మందు ఐవర్‌మెక్టిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇది గొప్ప మందు. దీన్ని కనుగొన్న సతోషి ఒముర, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. కుక్కల గుండెలో చేరే పురుగు రాకుండా ఇచ్చే మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. గజ్జికి ఇచ్చేది కిలోకు 300 నుంచి 600 వరకు, అంటే 50 నుంచి 100 రెట్లు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఎండీఆర్–1 అనే జన్యువులో లోపం ఉంటుంది. ఆ లోపం వల్ల మందు మెదడులోకి చేరిపోతుంది. ఇది 2001లో బయటపడింది. అలాంటి కుక్కకు గజ్జి మోతాదు ఇస్తే తూలుతుంది, చూపు పోతుంది, కోమాలోకి వెళ్లి చనిపోవచ్చు. గొర్రెల కోసం తెచ్చిన సూది మందును కుక్కకు అంచనా మీద పొడవడం మన ఊళ్లలో ఇప్పటికీ జరుగుతోంది. పశువుల మందు సీసాలో ఒక్కో మిల్లీలీటరు 10,000 మైక్రోగ్రాములు. ఐదు కిలోల కుక్కపిల్లకు ఒక్క మిల్లీలీటరు వేస్తే కిలోకు 2,000 మైక్రోగ్రాములు పడినట్టు. ఏ జాతి కుక్కకైనా అది ప్రమాదమే.

పిల్లుల్లో గజ్జి కంటే ఎక్కువ తలనొప్పి తామరది. పిల్లుల తామరలో నూటికి 90కి పైగా మైక్రోస్పోరం కానిస్ అనే ఫంగస్ వల్లే వస్తుంది. పర్షియన్ పిల్లులకు మరీ ఎక్కువ. రాలిన వెంట్రుకల్లో దీని బీజాలు ఏడాదికి పైగా బతికి ఉండగలవు, పిల్లలకు, ముసలివాళ్లకు తేలిగ్గా అంటుకుంటాయి. పిల్లి ఒంటి మీద గుండ్రంగా బొచ్చు ఊడితే దాన్ని ఒక గదిలో ఉంచి, ఆ గదిని రోజూ శుభ్రం చేస్తూ వైద్యం చేయించండి.

చెవి: లోపల ఒక మలుపు ఉంది

మన చెవి గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్కది 5 నుంచి 10 సెంటీమీటర్లు. ముందు నిలువుగా కిందికి దిగి, తర్వాత ఒక్కసారిగా మలుపు తిరిగి అడ్డంగా లోపలికి వెళ్తుంది. కర్ణభేరి ఆ మలుపు అవతల ఉంటుంది. గులిమి పైకి ఎక్కి రావాలి, గాలి కిందికి దిగాలి, రెండూ కష్టమే. పైన చెవి మడత పడి మూసేస్తే లోపల వేడి, తేమ. కోస్తా జిల్లాల వానాకాలంలో ఆ లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 22,333 కుక్కల వైద్య రికార్డులు చూస్తే, ఒక్క 2016 సంవత్సరంలోనే 7.3 శాతం కుక్కలకు బయటి చెవి వాపు నమోదైంది. చెవులు వేలాడే జాతులకు నిటారు చెవుల వాటికంటే ముప్పు 1.76 రెట్లు. మిశ్రమ జాతి కుక్కలతో పోలిస్తే బాసెట్ హౌండ్‌కు దాదాపు 5.9 రెట్లు, బీగిల్‌కు 2.5, గోల్డెన్ రిట్రీవర్‌కు 2.2. హైదరాబాద్, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు బీగిళ్లు, గోల్డెన్ రిట్రీవర్లు కొత్త కాదు. కుక్కపిల్లను ఎంచుకునేటప్పుడే ఈ లెక్క తెలిసి ఉండాలి.

అయితే వేలాడే చెవి అసలు దోషి కాదు. గ్రీస్‌లో చెవి వాపున్న 100 కుక్కలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని బాగా చూపించింది. వాటిలో 43 కుక్కలకు మూలకారణం అలర్జీ. 12 కుక్కల చెవిలో గడ్డి ముల్లు. మైట్లు ఉన్నవి 7 మాత్రమే. చెవిలో దొరికిన ఈస్ట్, బ్యాక్టీరియా ఆ మూలకారణం మీద తర్వాత వచ్చి చేరినవి. ముందు అలర్జీ వల్ల గొట్టం లోపలి చర్మం వాస్తుంది, దారి ఇరుకవుతుంది, గులిమి నిలవుంటుంది. అందులో మలసీజియా అనే ఈస్ట్ పెరుగుతుంది, పుల్లటి వాసన వస్తుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా చేరి చీము. చుక్కల మందు ఈస్ట్‌ను, బ్యాక్టీరియాను చంపుతుంది. అలర్జీ అలాగే ఉంటుంది. రెండు నెలలకు చెవి మళ్లీ కారుతుంది. ఇలా ఏడాదికి నాలుగుసార్లు చెవి మందు కొంటున్న ఇల్లు చెవికి కాదు, చర్మానికి వైద్యం చేయించాలి.

వదిలేస్తే ఏమవుతుందన్నదానికీ అంకె ఉంది. దీర్ఘకాలం చెవి వాపున్న కుక్కల్లో సగానికి పైగా, కొన్ని అధ్యయనాల్లో 80 శాతం దాకా, మధ్య చెవికి కూడా జబ్బు పాకి ఉంటుంది. తల ఒక పక్కకు వాలడం, నడకలో తూలడం, ముఖంలో ఒక వైపు జారడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కర్ణభేరి చిల్లు పడిందో లేదో చూడకుండా చెవిలో ఏదీ పోయకూడదు. చిల్లు ఉంటే కొన్ని మామూలు చుక్కల మందులే వినికిడిని దెబ్బతీస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, కాచిన నూనె, సారా ఏవీ వద్దు. ఇయర్‌బడ్ అసలే వద్దు. అది గులిమిని ఆ మలుపు అవతలికి నెట్టి కర్ణభేరి మీద కూరుతుంది. డాక్టర్ చెప్పిన శుభ్రపరిచే ద్రవాన్ని గొట్టం నిండా పోసి, చెవి మొదట్లో అర నిమిషం మృదువుగా నొక్కి, కుక్కను విదిలించుకోనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడిస్తే చాలు.

పిల్లుల్లో ఈ లెక్క తిరగబడుతుంది. పిల్లుల చెవి వాపుల్లో సగం లేదా అంతకంటే ఎక్కువ చెవి మైట్ వల్లే. కుక్కల్లో అది నూటికి 5–10. పిల్లి చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి గులిమి ఉంటే మైట్‌నే అనుమానించాలి. ఒక పిల్లికి ఉంటే ఇంట్లోని మిగతా పిల్లులకూ కుక్కలకూ వైద్యం తప్పనిసరి.

చెవి దురదతో కుక్క తల విపరీతంగా విదిలిస్తే చెవి రెక్కలో రక్తనాళం చిట్లి, రెక్క బూరెలా ఉబ్బుతుంది. ఇంట్లో సూదితో గుచ్చి రక్తం తీయకండి, మళ్లీ నిండుతుంది. వీధి కుక్కల్లో దీనికంటే భయంకరమైనది పుండులో పురుగులు పట్టడం. స్క్రూవర్మ్ ఈగ పుండు అంచున ఒక్కసారికి 150–200 గుడ్లు పెడుతుంది. 24 గంటల్లోపే అవి పొదుగుతాయి. పురుగులు 5–7 రోజుల పాటు బతికున్న కండను తింటూ లోపలికి తొలుస్తాయి. చిన్న చెవి పుండు వారంలో తలకు చిల్లు పెట్టగలదు. ఫినాయిల్, పెట్రోల్ పోస్తే కుక్క బాధతో పరుగెత్తి చేతికందకుండా పోతుంది. జంతు సంరక్షణ సంస్థకో, పశువుల ఆసుపత్రికో ఆ రోజే కబురు చేయండి. పట్టుకునేటప్పుడు కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి రేబిస్ టీకాకు వెళ్లాలి. చెవి కొనలో చక్కటి కోత మాత్రమే ఉంటే కంగారు వద్దు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగిన వీధి కుక్కకు పెట్టే గుర్తు అది.

అలర్జీకి ఎనిమిది వారాలు

కుక్కల్లో నూటికి 10–15కు అటోపిక్ అలర్జీ ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇంటి దుమ్ములోని మైట్లు, పుప్పొడి వంటివి కారణం. దీన్ని తేల్చే రక్త పరీక్ష ఏదీ లేదు, లక్షణాలు చూసి లెక్కగట్టాలి. పరిశోధకుడు ఫవ్రో బృందం 2010లో 8 గుర్తులు ఇచ్చింది: మూడేళ్లలోపు మొదలవడం, ఎక్కువగా ఇంట్లోనే ఉండే కుక్క కావడం, మొదట పొక్కులు లేకుండా దురద ఒక్కటే ఉండడం, స్టెరాయిడ్‌కు దురద తగ్గడం, ముందు పాదాలు పాడవడం, చెవి రెక్కలు పాడవడం, కానీ చెవి అంచులు బాగుండడం, నడుము మీద బాగుండడం. వీటిలో 5 ఉంటే అటోపీ ఉన్న కుక్కల్లో సుమారు 85 శాతాన్ని పట్టుకోవచ్చు. చివరి రెండూ గమనించండి. చెవి అంచు పాడైతే గజ్జి, నడుము పాడైతే ఫ్లీ. ఏది పాడవలేదన్నదీ సాక్ష్యమే.

తిండి అలర్జీని తేల్చడానికి ఇంకో క్యాలెండర్ ఉంది. కుక్క ఇంతవరకూ తినని మాంసాన్ని, లేదా డాక్టర్ చెప్పిన ప్రత్యేక ఆహారాన్ని మాత్రమే 8 వారాలు పెట్టాలి. 5 వారాలకు నూటికి 80 కుక్కల్లో తేడా తెలుస్తుంది, 8 వారాలకు 90కి పైగా కుక్కల్లో, పిల్లుల్లో తెలుస్తుంది. తిండి అలర్జీ నిర్ధారణైన 297 కుక్కల లెక్కలో గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13 శాతం వాటికి పడలేదు. ఇవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు. అలర్జీ వచ్చేది తరచూ తినే ప్రోటీన్‌కే కాబట్టి, చికెన్, పెరుగన్నం మీద పెరిగే మన కుక్కల్లో ముందు ఆ రెండింటినే ఆపి చూడడం సబబు. ఈ ఎనిమిది వారాల్లో అమ్మమ్మ ప్రేమతో పెట్టిన ఒక్క బిస్కెట్, పనిమనిషి వేసిన ఒక్క ఎముక పరీక్షను మళ్లీ మొదటికి తెస్తాయి. ఇంట్లో అందరికీ చెప్పాకే మొదలుపెట్టండి. అటోపీకి పూర్తి నివారణ లేదు, జీవితాంతం అదుపు ఉంది. ఓక్లాసిటినిబ్ వంటి మాత్రలు దురదను ఒక రోజులోనే తగ్గిస్తాయి. ఆ ఉపశమనాన్ని నయమవడంగా పొరపడకూడదు.

పిల్లులున్న ఇంటికి రెండు హెచ్చరికలు

మొదటిది పర్మెత్రిన్. కుక్కల పిడుదులకు, ఫ్లీలకు మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో ఇది ఉంటుంది. కుక్క కాలేయం దీన్ని విరగ్గొట్టగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. కుక్క మందును పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్, మరణం. పశువుల పిడుదులకు పిచికారీ చేసే డెల్టామెత్రిన్ కూడా ఇదే జాతి. ఫినాయిల్, డెటాల్ వంటివి కూడా పిల్లికి విషమే, ఒంటి మీద పూస్తే నాకి మింగుతుంది.

రెండోది ఎండ. తెల్ల పిల్లుల చెవి కొనల మీద బొచ్చు పల్చన, రంగు లేదు. మిగతా రంగుల వాటికంటే వీటికి చర్మ క్యాన్సర్ ముప్పు దాదాపు 13 రెట్లు. చెవి కొనన మానని పెచ్చు, అంచు తినేసినట్టున్న పుండు కనిపిస్తే దాన్ని దెబ్బ అనుకుని నెలలు గడపకండి. తొందరగా పట్టుకుంటే చెవి రెక్క కొంత తీసేసి పిల్లిని బతికించవచ్చు. మధ్యాహ్నం ఎండలో మేడ మీద పడుకునే అలవాటు మాన్పించండి.

తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు పశువైద్య కళాశాలల్లో చర్మం గీరి, చెవి గులిమి తీసి మైక్రోస్కోప్ కింద చూసే వీలుంది. మంచి ప్రైవేటు క్లినిక్‌లలోనూ ఉంది. పది నిమిషాల పని. మందు రాసేముందు ఆ పరీక్ష చేయమని అడగండి, అడగడం డాక్టర్‌ను అవమానించడం కాదు. వెళ్లే ముందు రెండు రోజులు స్నానం చేయించకండి, చెవి తుడవకండి, చూడాల్సిన సాక్ష్యం అక్కడే ఉంటుంది. ఇంతకుముందు వాడిన మందుల పేర్లన్నీ, ఇంట్లో పూసిన ట్యూబ్‌తో సహా, రాసి తీసుకెళ్లండి. మళ్లీ రమ్మన్న తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రోజుకు గోకుడు పూర్తిగా ఆగిపోయి ఉన్నా సరే, తప్పకుండా వెళ్లండి.